కాలరు లోపలి పద్యం

అబూ ఫవ్వాజ్ తెచ్చిన పాత దిష్‌దాషాకి
మెడ దగ్గర చిరుగు.
"మీ నాయన కుట్టిందే. బట్ట గట్టిది,
కాలరు మార్చు చాలు" అని బల్ల మీద పడేసి పోయినాడు.

ఫహాహీల్‌లో ఆగస్టు సాయంత్రం.
ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి
ఒకటి, ఆగి రెండు. ఒకటి, ఆగి రెండు.
కుట్టు విప్పితే
లోపలి బక్రం మీద నీలం సిరా.
నాయన అక్షరాలు, కుడివైపు ఒరిగి,
ఒక భుజం మీదే తానులు మోసిన మనిషిలాగా.

      ఇసుక నేల మీద ఇల్లు కట్టను గాని
      సూది మొనను నాకు చోటు దొరికె
      అమ్మ మాట నూలు అల్లుకున్నది చేతి

అంతే. నాలుగో పాదం లేదు.
బక్రం చాల్లేదో, బేరం వచ్చిందో.
రంజాన్ నెలాఖరు రాత్రులు
అన్నానికే లేచేవాడు కాదు, పద్యానికేం లేస్తాడు.

చాకుముక్కతో బల్ల మీద గీసి
అరచేత్తో తుడిచేయడం చూసినాను.
ఇట్లా దాచినాడని తెలీదు.
ఇరవై ఆరేళ్ళలో ఎన్ని మెడలు కుట్టి ఉంటాడు!
దీవానియాల్లో టీ తాగిన మెడలు,
పెళ్ళిళ్ళలో ఒకరినొకరు హత్తుకున్న మెడలు,
ఆటవెలది చుట్టుకొని తిరిగినాయి
ఏమీ ఎరగకుండా.

పుల్లంపేటలో మా జేజికి అక్షరం రాదు.
కండెలు చుడుతూ పద్యం చెప్పేది.
లఘువు, గురువు అనే పేర్లు ఆమె వినలేదు.
నాడె దూరితే చిన్నదెబ్బ,
పలక కొడితే పెద్దదెబ్బ.
తప్పు పోతే "పోగు తెగిందిరా" అనేది,
తెగినచోట ఎంగిలి తడిచేసి
మళ్ళీ మొదటినుంచి.

నాయన నాకు పద్యం నేర్పలేదు.
కత్తెర నేర్పినాడు.
గుడ్డ తెగే చప్పుడులోనే
అది కూడా వచ్చినట్టుంది.

ఇస్త్రీ బల్ల దగ్గర నా కూతురు లెక్కలు చేసుకుంటోంది.
పేరు చౌడేశ్వరి. బడిలో ఈషా.
తెలుగు చదవడం రాదు, తిట్టడం వచ్చు.
మూడు పాదాలూ చదివి వినిపించినాను.
పెన్సిలు మొనతో బల్ల మీద కొట్టుకుంటూ విని
"మిగతాది ఏది?" అనింది.
లేదన్నాను.
"అట్లెట్లా వదిలేస్తాడు? చేతి, ఏంది? చేతి వేలా?"
ఇంకోసారి చదవమంది. ఇంకోసారి.

"వేలి దారం తెగదు, వేళ కాదు."

నేను తల అడ్డంగా ఊపినాను. దారం దగ్గర బరువు ఎక్కువ,
రెండూ పెద్దదెబ్బలే.
"దారము?"
అది పొడుగు.
"నూలు?"
తాత వాడేసినాడు.
పెన్సిలు కొరికింది. బకెట్లో నీళ్ళు.
ఒకటి, ఆగి రెండు.
"ఖైతు" అనింది.
"అబూ ఫవ్వాజ్ అంటాడే, ఖైత్ అబ్యద్, తెల్లదారం. ఆ ఖైతు.
వేలి ఖైతు తెగదు, వేళ కాదు."

వేళ్ళమీద లెక్క పెట్టినాను.
సరిపోయింది. యతి కూడా.

పోగు అంటే కూడా సరిపోయేది.
జేజి మాట, నా నాలుక చివరే ఉండింది.
చెప్పలేదు.

కొత్త బక్రం కత్తిరించి
మూడు పాదాలు నేను ఎత్తిరాసినాను.
నాలుగోది తనే రాసింది,
తెలుగు రాదు కాబట్టి అరబ్బీ అక్షరాల్లో,
కుడి నుంచి ఎడమకు.
నాయన పాదాలు ఇటు నుంచి పోతున్నాయి,
మనవరాలిది అటు నుంచి వస్తోంది.
మీద గుడ్డ వేసి కుట్టేసినాను.

పాత ముక్క నా జేబులో ఉంది.

గురువారం అబూ ఫవ్వాజ్ వచ్చి తొడుక్కొని
అద్దం ముందు మెడ ఇటు తిప్పి, అటు తిప్పి
"ఏదో గుచ్చుతోంది" అన్నాడు.

చౌడేశ్వరి పుస్తకంలో తల దూర్చేసింది.

కొత్తది కదా, అన్నాను.
కొన్నాళ్ళు గుచ్చుతుంది.